తెల్లదీపం

అద్దెకు దిగిన రోజు అడిగాను, ఏం పని అని.
"గార్డ్" అన్నాడు.
నవ్వొచ్చింది. ముప్పై నాలుగేళ్లు నేనూ గార్డునే,
కాజీపేట నుంచి బల్లార్షా దాకా గూడ్సు బండికి.
చింతకాయ తొక్కు జాడీకి వాసెన కట్టి ఉన్న
నా పచ్చజెండా విప్పుకొచ్చి చూపించాను.
అతను సంచిలోంచి బంతి తీశాడు.
అట్లా కుదిరింది మెట్టుగూడలో మా మేడమీది గది,
నీళ్లు రోజు విడిచి రోజు.

పేరు డేరియన్. ఆరడుగుల ఒక అంగుళం.
వాళ్ల ఆటలో అది పొట్టి అట.
మా మెట్ల మీది దూలం ఒప్పుకోలేదు,
మొదటి వారంలోనే మూడుసార్లు
నుదుటి మీద సంతకం పెట్టింది.

ఇండియానాలో మొక్కజొన్న చేల నడుమ కాలేజీ.
నాలుగేళ్లు ఆడాక, పెద్ద జట్లు పేర్లు పిలిచే రాత్రి
ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారట.
వాళ్లమ్మ కేకు కొన్నది గానీ
దాని మీద ఏమీ రాయించలేదు.
"అమ్మకు తెలుసు" అన్నాడు, అంతే.

మిగతా దారి, గోడ మీది నా రైల్వే మ్యాపు దగ్గర నిలబడి చెప్పాడు.
వేలు మ్యాపు దాటి సున్నం మీదికి పోయింది.
ఇక్కడెక్కడో కొసొవో, జిమ్ములో హీటరు లేదు.
అదిగో ఆ మేకు దగ్గర మంగోలియా,
జీతం రాలేదు, గుర్రమెక్కించి ఫొటో తీశారు.
మధ్యలో ఎనిమిది నెలలు సొంతూరి గోదాములో డబ్బాలు మోశాడు,
అక్కడ వేలు ఆగకుండా జారింది.
ఇప్పుడు హైదరాబాదు. పదకొండు వారాల కాంట్రాక్టు.
"ఇంత తిరిగినోడికి పెళ్లి కాలేదా?" అంది సువార్త.
నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

చేపలమ్మే యాదమ్మ దగ్గర ఐసు కొని
కుడి మోకాలికి కట్టుకునేవాడు.
గదంతా కొర్రమీను వాసన.

రిటైరైనప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.
కదలని మంచం మీద ఎవడికి పడుతుంది?
నాలుగున్నరకు రైల్వే గ్రౌండు సిమెంటు మీద
టక్, టకటక్, టక్.
పట్టాల అతుకుల మీద చక్రం పోతున్నట్టే.
పక్క వాటా పరిమళరావు కాలనీ సెక్రెటరీకి కాగితం పెట్టాడు.
నేను ఏడింటి దాకా లేవలేదు.
సువార్త ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

ఒక ఆదివారం మెట్రోలో యూసుఫ్‌గూడ పోయాను, ఆట చూద్దామని.
స్టేడియంలో రెండొందల మంది, సగం ఊరికే వచ్చినవాళ్లు.
ఇతను బుట్టలో వేస్తాడనుకుంటే, ఇస్తాడు.
లాలాగూడ కుర్రాడు ఇలియాజుకు ఇచ్చాడు, తప్పింది.
మళ్లీ ఇచ్చాడు, తప్పింది.
"వానికెందుకురా!" అని వెనకెవరో అరిచారు.
మూడోసారీ వాడికే ఇచ్చాడు.
పడింది.
దండ ఇంజనుకు వేస్తారు ఎప్పుడైనా.
నలభై వ్యాగన్ల వెనక, ఫ్యాను లేని డబ్బాలో
బండి తెగలేదు కదా అని
తొంగి తొంగి చూసేవాణ్ణి ఎవరు చూస్తారు?
నాలుగు పాయింట్లతో ఓడారు.

ఏడో వారం టీము ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు.
ఏజెంటు మాత్రం ఎత్తాడు. తర్వాతి స్టేషను ట్యునీసియా.
అద్దె బాకీకి బదులు బూట్లు ఇవ్వబోయాడు,
పదమూడో సైజు. నా రెండు కాళ్లూ ఒక్కదాంట్లో పడతాయి.
"ఇలియాజుకియ్యి" అన్నాను.
వాడికీ పెద్దవే. వాడు వద్దనలేదు.

రాత్రి మూడింటికి శంషాబాద్ క్యాబ్ వచ్చింది.
జెండా తెద్దామనుకున్నా గానీ, చీకట్లో జెండా చెల్లదు,
దీపమే చూపించాలి.
పచ్చదీపం ఆఫీసుకు అప్పగించి ఆరేళ్లు.
చేతిలో ఫోనుంది. దాని లైటు తెలుపు.
గేటు దగ్గర నిలబడి ఊపాను, అటూ ఇటూ, జోరుగా.

రూలుబుక్కులో ఉంది,
ఎర్రదీపం లేనప్పుడు తెల్లదీపం జోరుగా ఊపితే
ఆగమని.
క్యాబ్ డ్రైవరు రూలుబుక్కు చదవలేదు.